మంగళవారం పదిన్నరకి

కోర్సుల పుస్తకాన్ని ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టాను.
బయట పొగమంచు
రేవుని మింగి, త్రేన్చి, మళ్లీ మింగుతోంది.
ఐదు కోర్సులు ఎంచుకోవాలి. శుక్రవారం గడువు.

పదిహేనేళ్లు పీతల ఫ్యాక్టరీలో గ్రేడర్ని నేను.
బెల్టు మీద వచ్చేదాన్ని చూపుతోనే తూచేదాన్ని:
ఇది జపాన్‌కి, ఇది డబ్బాలోకి, ఇది చెత్తలోకి.
రెప్పపాటుకి ఒకటి.
ఇప్పుడేమో మూడు రాత్రులుగా
ఒక్క పేజీ తేల్చలేకపోతున్నాను.

"నవల: పుట్టుక, పెరుగుదల."
పెరిగి ఏమైందో రాయలేదు.
"విషాద నాటకం."
దానికి ముందు ఇంకో కోర్సు చదివి ఉండాలట.
నవ్వొచ్చింది.
గారెట్ పడవ తిరిగి రాని రోజున
ముందు ఏం చదివావని నన్నెవరూ అడగలేదు.

"సముద్రం మీద పాత కవిత్వం": మంగళవారం పదిన్నర.
"కథా రచన, మొదటి మెట్టు": అదే మంగళవారం, అదే పదిన్నర.
ఒకే ఒరలో రెండు కత్తులు.

బ్రైడ్ ఫోన్ చేసింది. లైన్లో నా పక్కన నిలబడి
పదకొండేళ్లు పీత కాళ్లు విరిచిన మనిషి.
"అకౌంట్స్ తీసుకోవే వెర్నా.
ప్రభుత్వం డబ్బిచ్చి చదవమంటే కథలంటావేమిటి?
కథలు కూడు పెడతాయా?"
"పీతలు పెట్టాయిగా. ఏవీ మరి పీతలు?" అన్నాను.
అటువైపు కాసేపు మాట లేదు.
కెటిల్ కూత ఒక్కటే,
తన ఇంట్లోదో, నా ఇంట్లోదో.

రచన కోర్సుకి ఒక షరతు: పది పేజీలు ముందే చూపించాలి.
నా దగ్గర పేజీలెక్కడివి?
బిస్కెట్ల డబ్బా ఉంది.
దాన్నిండా తూకం చీటీలు. వాటి వెనక,
పది నిమిషాల టీ వేళలో
తడి గ్లవ్‌ని పళ్లతో లాగేసి గీకినవి.
నా మాటలు కావు. లైన్లో ఆడవాళ్లవి.

ఏగ్నెస్, అత్తగారి గురించి:
"పోయాక కూడా ఆవిడ తన కుర్చీ నాకు వదల్లేదు."
కొత్తగా చేరిన పిల్ల, మొదటి రోజు:
"ఈ వాసన పోతుందా?"
ఎవరో, చీటీ మీద పేరు లేదు:
"పోదు. మన ముక్కే మనల్ని మర్చిపోతుంది."
బ్రైడ్, ఫ్యాక్టరీకి తాళం వేసిన సాయంత్రం:
"నా స్టూలు లోపలే ఉండిపోయింది."

మూత తీసేసరికి వంటింటి నిండా ఉప్పూ అమ్మోనియా.
పిల్లి లేచొచ్చి రెండు చీటీలు నాకి చూసింది.
మొదటి పాఠకురాలు.

సెయింట్ జాన్స్‌కి బస్సులో రెండు గంటలు.
సలహాలిచ్చే గదిలో టిల్లీ అనే కుర్రాడు,
మెడకి ఉన్ని మఫ్లర్, వేలికి సిరా.
"మీ నేపథ్యం?"
"పీతలు."
అదే రాసుకున్నాడు, పాపం.
"ముందు చదవడం, తర్వాతే రాయడం అంటారు మావాళ్లు.
పాత కవిత్వంతో మొదలుపెడితే?"

"నాయనా, ఆ పద్యాలు వెయ్యేళ్లు ఆగాయంటున్నావు.
ఇంకో నాలుగు నెలలు ఆగలేవా?
మా ఏగ్నెస్ నిన్న నన్ను
వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచింది."

అతను పెన్ను కింద పెట్టాడు.
తర్వాత తీసి, మంగళవారం గడిలో నింపాడు.

నవలకి ఒక గడి. వ్యాకరణానికి ఒకటి, అది తప్పదట.
నాలుగోది ఇంకా ఖాళీ.
ఐదోది అకౌంట్స్. బ్రైడ్‌కి చెప్పకండి.

చీటీలన్నీ తిరగరాస్తే తొమ్మిది పేజీలయ్యాయి.
పదో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.
రాత్రి పదకొండయినా ఫోన్ చేశాను.
"నీ స్టూలు ఏం రంగే?"

చాలాసేపు పొగమంచు బూర మోగింది.

"పచ్చ. ఒక కాలు పొట్టి.
కింద అట్టముక్క పెట్టేదాన్ని, సిగరెట్ పెట్టెది.
రోజూ ఉదయం కొత్త ముక్క."
ఇంకాస్త ఆగి,
"ఎందుకే?"