వాటాకు రానిది

బాపు పోయిన పదకొండో దినం
కాకికి పెట్టచ్చినంక
అన్న పెట్టె తెరిచిండు.
ఇరవై గుంటల చెల్క, ఇద్దరికి.
రెండు బర్లు, అన్నకు.
అవ్వ చెవుల గెంటీలు, నాకు.
గోడకు ఆనిచ్చిన తుపాకి మాత్రం
ఎవ్వలికి రాలే.

ఇరవై రెండేండ్లు
మా ఇంట్ల నడిపి కొడుకు తీర్గ మెదిలిందది.
ఒంటి గొట్టం, పన్నెండు బోరు.
లైసెన్సు పుస్తకంల బాపు ఫోటో,
కలెక్టరాఫీసు గుండ్రటి ముద్ర
సరిగ్గ ముక్కు మీద పడ్డది.
ఈదునూరి కొమురెల్లి, మాజీ సిపాయి.

ఫోన్ల రైటర్ యాకూబ్ అన్నడు:
"లైసెన్సు మనిషిది చెల్లె, తుపాకిది గాదు.
మనిషి పోతే కాగితం పోయినట్టే.
ఇగ మీ ఇంట్ల ఉన్నది ఇనుము గాదు, కేసు."

అంటే
మేం రొమ్ములు బాదుకుంటాంటె
మూలకు నిలబడ్డ కట్టె
నిలబడ్డకాన్నే నేరమైంది.
ఎవ్వలం సూడలే.

హన్మకొండ చౌరస్తల
బంగారం కుదువబెట్టుకునే ఆఫీసు ముంగట
బాపు కూసునేది.
బంగారం మందిది. స్టూలు కంపినోల్లది.
తుపాకొక్కటే బాపుది.
అది లేని సిపాయికి ఆరు వేలు తక్కువ జీతం.

ఓట్లచ్చినయంటె మా ఇంట్ల గుబులు.
కోడ్ పడంగనే తుపాకి ఠాణల జమ.
సర్పంచు ఓట్లు, జెడ్పీ ఓట్లు, ఎమ్మెల్యే ఓట్లు,
మల్ల నడుమల వచ్చే ఉప ఎన్నికలు.
ఊరంత కోడికూర తినే నెలల
మేం పచ్చిపులుసు మీద బతికినం.
జమ రశీదు అవ్వ బియ్యం డబ్బల దాసేది
పురుగు పట్టకుండ వేపాకు ఏసి.

పాతిక తూటలు కొన్నడు, ఇరవై మూడు ఉన్నయి.
ఒకటి వానకు తడిసి పేలలే,
'పేలనిది ఒకటి' అని లెక్కల రాసిండు.
ఇంకోటి ఎక్కడ పేలిందో ఎన్నడు సెప్పలే.
పుస్తకంల 'పరీక్షకు' అనున్నది.
ఎవ్వలి పరీక్షో.

ఒకసారి మోపెడ్ మీదికెల్లి పడి మడిమె పలిగింది.
రేగొండ సదానందచారి కొలిమికి నేను సుత పోయిన ఎంట.
చెయ్యి సాపిండు, మల్ల ఎనుకకు గుంజుకున్నడు.
"కర్రు తేవే, గొడ్డలి తేవే, సాన పడుత.
దీనికి ఒక్క మర బిగియ్యాలన్నా సర్కారు కాగితం కావాలె.
మా తాత అడివి పందులకని భర్మార్లు చేసిండు,
ఏడాదిన్నర జైల్ల కూసున్నడు.
గొట్టమెట్ల చేస్తరో నా చెయ్యికి ఎరుకనే.
తెల్వనట్టుండుడు నేనే దానికి నేర్పిన."
అట్లని తొట్టిల చేతులు ముంచి కడుక్కున్నడు.
అంటనే లేదు, అయినా కడుక్కున్నడు.
మడిమెకు బాపు రాగి తీగ సుట్టుకున్నడు,
పైసలు కూడి వరంగల్ల
లైసెన్సున్న దుకాణానికి పోయేదాంక.

పాత దుప్పట్ల సుట్టి
ఆటోల ఒళ్లె పండుకోబెట్టుకున్న.
పరకాల రోడ్డు మీద గుంత గుంతకు
చెయ్యి అడ్డం పెడుతున్న.
"పాపకు జరమా అక్కా?" అన్నడు డ్రైవరు.
"పాప గాదు, బాపు" అన్న.
ఎందుకన్ననో తెల్వది.
ఆయన రేడియో బందు చేసిండు.

యాకూబ్ సాబు అద్దాలు పెట్టుకుని
నంబరు రెండుసార్లు సదివిండు.
తూటలు లెక్కవెట్టి, పేలనిదాన్ని పక్కకు పెట్టి,
గొట్టానికి పురికోసతోని అట్టముక్క కట్టిండు.
బాపు కాలి బొటనేలికి దవాఖానల
అసొంటిదే కట్టిన్రు.

"నీ పేరు మీద అర్జీ పెట్టుకుంటవా?
ట్రైనింగు, డాక్టరు సర్టిఫికెట్, ఎంక్వైరీ.
గీడ కారణం రాయాలె.
నీకు ఎవ్వలితోని భయం?"

ఫారం దిక్కు సూసిన.
భయానికి రెండు గీతల జాగ ఉన్నది.
శాన సేపు పెన్ను పట్టుకుని కూసున్న.
సాబు ఫ్యాను కింద కాయిదాలు సర్దుతాండు,
తొందర పెట్టలే.
పెన్ను మూత పెట్టి ఇచ్చిన.

బయటికచ్చినంక
చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే.
దుప్పటి మడత పెట్టిన, నూనె వాసన.
ఇంటికచ్చి రశీదు
బియ్యం డబ్బల పెడుదామంటె
అది అన్న వాటాకు పోయింది.