ఎదుటి పక్క

పొద్దుగాల నాలుగున్నరకు
గచ్చిబౌలి హాల్ల ఫ్యాన్లు బంద్.
గాలి ఆడితే షటిల్ అబద్ధం చెప్తదంటడు గౌస్ సార్.
అందుకే మా చెమట మా మీదనే ఆరాలె.

సార్ చేతిల ఒక చీటీ ఉంటది,
ఆ వారం నేనెవరో అందుల రాసి ఉంటది.
ఒక వారం డెన్మార్క్ పొడుగు పిల్లను:
నెట్ కాడ వంగుడు చేతగాదు,
స్మాష్ మాత్రం అటక మీదికెల్లి బస్తా జారినట్టు.
ఇంకో వారం జపాన్ పిల్లను:
అలుపు లేదు, కోపం లేదు,
గోడకు కొడితే గోడ ఎట్ల తిరిగిస్తదో అట్ల.
పోయిన చలికాలం ఆరు వారాలు
ఎడమచేతి వాటం దాన్ని.
అలవాటు గావాలని అన్నం గూడ ఆ చేత్తోనే కలిపిన.
అమ్మ కంచం గుంజుకున్నది.

శ్రీశైలం అని నన్ను పిలిచేది
నెలకొకసారి, సంతకం పెట్టమని,
అకౌంట్స్ మేడం ఒక్కతే.

నాకూ ఒక ర్యాంకు ఉండె.
ప్రపంచంల నాలుగొందల పదకొండు.
నాయిన ఆ కాగితానికి లామినేషన్ చేపిచ్చి
లాలాగూడ వర్క్‌షాపుకు టిఫిన్ డబ్బతోని తీస్కపోయిండు.
భూమ్మీద ఇన్ని కోట్ల మంది ఉంటే
మావోడు నాలుగొందల పదకొండోడు అని
లేత్ మిషన్ల చప్పుడు మీదికెల్లి అరిచి చెప్పిండట.
ముందల నాలుగొందల పదిమంది ఉన్నరని
ఆయనకు ఎవ్వరూ చెప్పలే.
నేను గూడ చెప్పలే.

కంపాలాల మొదటి రౌండ్లనే ఓడిపోయిన.
తిరుగు టికెట్టు మూడు రోజుల తర్వాత.
నన్ను ఓడగొట్టినోడే వచ్చి
రేపటి మ్యాచ్‌కు జర ప్రాక్టీస్ ఇస్తవా అన్నడు,
రేపటోడు ఎట్ల ఆడతడో చెప్పిండు.
నేను అట్లనే ఆడిన.
వాడు నవ్విండు, వాని కోచ్ నవ్వలే,
నోట్‌బుక్ తీసి నా ఫోన్ నంబరు రాసుకున్నడు.
మోకాలు పోయింది ఆ తర్వాత.
పని మాత్రం ఆ రోజే దొరికింది.

సంహితకు నా ముఖం తెల్వదు.
మూడేండ్ల సంది ఆమె చూసేది నా మణికట్టునే.
బయట లిఫ్ట్ కాడ ఎదురైతే
ఒక్క ఘడియ ఆలోచించి తలూపుతది.
నాకు బాధ లేదు. ముఖం చూస్తే
పాయింట్ పోతది.

ఫైనల్ రోజు మెట్టుగూడ ఇరానీ హోటల్ల
ఫోన్‌ను ఉస్మానియా బిస్కెట్ల ప్లేటుకు ఆనిచ్చి చూస్తున్న.
నెట్ అవతల ఆ ఎడమచేతి పిల్ల, అసలుది.
ఇరవై, పంతొమ్మిది.
ఆ పిల్ల భుజం లేస్తది, అందరు స్మాష్ అనుకుంటరు,
ఆఖరుకు మణికట్టు మెత్తబడతది.
నాకు ముందే తెల్సు.
నా ఎడమచెయ్యి దానంతటదే లేచింది,
చాయ్ ఒలికింది, పక్క టేబులాయన తిట్టిండు.
సంహిత అప్పటికే నెట్ కాడున్నది.
ఆ దెబ్బ ఆమె నా దగ్గర
లెక్క లేనన్నిసార్లు తిన్నది మరి.

హోటల్ల అందరు లేచి సప్పట్లు.
నేను కూసునే ఉన్న.
ఆట పొడుగునా నా ఒళ్ళు
ఎవరి దిక్కు ఆడిందో అప్పుడు సమజైంది.
అక్కడ ఆ పిల్ల రాకెట్ కింద పెట్టి
మోకాళ్ళ మీద చేతులానిచ్చి నిలబడ్డది.
నేను ఒలికిన చాయ్ తుడుస్తున్న, ఎడమచేత్తోని.

ఆదివారం హాలుకు సెలవు.
వాచ్‌మన్ దగ్గర తాళంచెవి అడుక్కున్న.
ఫ్యాన్లు అన్నీ వేసిన.
ఒక డబ్బా పాత షటిళ్ళు, ఈకలు ఇరిగినయి,
ఎదుటి పక్క ఎవ్వరు లేరు,
చీటీ లేదు.
మొదటి సర్వీస్ జపాన్‌ది వచ్చింది.
రెండోది డెన్మార్క్‌ది.
కళ్ళు మూసుకుంటే ఇంకా అధ్వానం.
డబ్బా ఒడిసేదాంక కొట్టిన.
ఒకటో రెండో నావే అనిపించినయ్,
గాలికి పక్కకు పోయి గీత బయట పడ్డయ్.

యాదమ్మ చీపురు పట్టుకొని వచ్చేలోపు
పోయి ఏరుకున్న.