మూడు వందల పన్నెండో అడుగు

మొదటి నాలుగడుగులూ గాలి మోసుకొచ్చిన మట్టి,
జల్లించిన పిండంత మెత్తన.
నాన్న బకెట్లో చెయ్యిపెట్టి దేవి
వేళ్ల మధ్య నలిపి "రాసుకో" అనేవాడు.
పన్నెండేళ్లదాన్ని. పెన్సిల్ చివర కొరుక్కుంటూ రాసుకునేదాన్ని.

ఐదు నుంచి నలభై ఒకటి: నల్లరాయి. మొండిది.
నలభై రెండు: ఎర్రటి చిట్టెం. తేలిక.
నలభై ఐదు: మళ్లీ నల్లరాయి, ఒళ్లంతా బుడగలు,
కుతకుత ఉడుకుతుండగానే ఎవరో
మంట తీసేసినట్టు.
తొంభై: మన్ను, వేలెడు మందం.
అంటే ఇక్కడ కొన్ని వేల ఏళ్లు
ఏమీ జరగలేదన్నమాట.
గాలి వీచింది. గడ్డి మొలిచింది. అంతే.
తొంభై ఒకటి: నల్లరాయి.

ఐడహోలో, ఆర్కోకి దక్షిణంగా, ఓర్విల్ టింగీ ఆలుగడ్డ చేను.
అడుగుకి ఆరు డాలర్లు.
ఇనప రోకలి లేచి పడుతుంటే
మా అన్నం డబ్బాలో చెంచాలు గలగలలాడేవి.
ప్రతి పోటుకీ టింగీ పెదాలు కదిలేవి.
ప్రార్థన అనుకున్నాను. లెక్క.

ఉత్తరపు కొండల్లోంచి దిగే ఏరు
మా మైదానం అంచుకి రాగానే ఇంకిపోతుంది.
దాని పేరే తప్పిపోయిన ఏరు.
రాళ్ల సందుల్లో, చీకట్లో తడుముకుంటూ
వంద మైళ్లు దాటి, ఓ రెండు తరాలు గడిచాక
స్నేక్ నది లోయలో, కొండచరియ మధ్యలోంచి
తెల్లగా దూకుతుంది,
ఏమీ ఎరగనట్టు.
దాన్ని దారిలో కాపు కాసి పట్టుకోవడమే నాన్న పని.

మూడు వందల పన్నెండు దగ్గర
తాడు సర్రున జారి, బిగిసి, తెగింది.
లాగితే కొస ఒక్కటే వచ్చింది.
పైన గడ్డకట్టి, లోపల పారిపారి
ఖాళీ అయిపోయిన లావా సొరంగం.
నీళ్లు లేవు. రోకలి రాలేదు.
"ఏం రాయను?" అన్నాను.
"ఖాళీ అని రాయి."

మర్నాడు గొర్రెల మంద తోలుకుంటూ వచ్చిన
బాస్క్ కాపరి ఎలోయ్ ఉర్రుతియా
ఆ గొట్టం మీద సరదాగా టోపీ బోర్లించాడు.
టోపీ ఎగిరి సేజ్ పొదల్లో పడింది.
రాత్రి వాన. పొద్దున ఆకాశం కడిగిన గాజు.
మళ్లీ బోర్లించాడు.
ఈసారి బావి దాన్ని గట్టిగా పట్టేసుకుంది,
ఎంత లాగినా ఇవ్వనని పేచీ పెట్టే పిల్లలా.
ఎలోయ్ మోకాళ్ల మీద కూర్చుని తనివితీరా నవ్వాడు.

చాలా ఏళ్లకు, కాలేజీ నుంచి వచ్చి నాన్నకి చెప్పాను:
నిప్పు కదల్లేదు నాన్నా, నేలే కదిలింది.
లోతున ఒకటే పొయ్యి. దాని మీదుగా ఖండం
నైరుతికి నడుస్తోంది, గోరు పెరిగే వేగంతో.
కాలు కాలిన పిల్లే, కానీ ఎంత నిదానం!
కాలిన చోటల్లా కొండలు విరిగి, కుంగి,
ఈ పల్లం మిగిలింది.
కోటేళ్ల కిందట ఆ మంట ఇంచుమించు మన కింద ఉండేది.
ఇప్పుడు ఎల్లోస్టోన్ కింద ఉంది.

నాన్న కాఫీ ఊదుకుంటూ విన్నాడు.
"పొయ్యి పోతే, పైన ఇన్ని వరసల నల్లరాయి ఎక్కడిది?"
నివురు, నాన్నా.
పొయ్యి దాటిపోయినా నివురు చల్లారలేదు.
రెండువేల ఏళ్ల కింద కూడా పగుళ్లలోంచి పొంగింది.
"అయితే నా రోకలి ఎక్కడికీ పోలేదు," అన్నాడు,
"నైరుతికి వెళ్తోంది."

డబ్బు సగమే ఇచ్చాడు టింగీ.
గొట్టానికి ఇనప మూత వేసి, దానికో చిల్లి పెట్టాడు.
ఇప్పటికీ ఎండ చురచురమంటున్నప్పుడు,
మబ్బు తునక కూడా లేనప్పుడు,
ఆ చిల్లి సన్నగా ఈల వేయడం మొదలుపెడుతుంది.
టింగీ భార్య నెడ్రా
వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి
తీగ మీది దుప్పట్లు ఒక్కొక్కటే తీసి
భుజాన వేసుకుంటుంది,
ఇంకా తడిగానే.