అతికే చెయ్యి

తొలిబస్సు కూడేరు దాటేదాకా చీకటే.
అనంతపురం కోర్టులో ఐదేండ్లుగా
నా పేరు ఏడో సాక్షి,
ఆమె పేరు మృతురాలు.
ఉరవకొండలో మేము చౌడీ అని పిలిచేవాళ్ళం.

అచ్చు అతికే పని మా ఇద్దరిది.
అయిపోయిన చీర కొసకు కొత్త అచ్చు,
పోగుకు పోగు,
బొటనవేలికి బూడిద రాసుకొని
మెలేసి వదిలేయడమే.
నాలుగు వేల పోగుల్లో ఒక్క ముడి ఉండకూడదు.
ముడి పడితే పన్నెలో తగులుకుంటాది, పోగు తెగుతాది,
నేసేవాడి నోటికి మన వంశమంతా దొరుకుతాది.

అదే చెప్పినా బోనులో నిలబడి:
ముడి ఆమెది కాదు సార్.

"మరి లంగా బొందు ఎట్ల కట్టుకునేదమ్మా?"
కుళ్ళాయప్ప తరపు వకీలు అడిగినాడు.
వెనక బెంచీల్లో ఎవరో నవ్వినారు.
జడ్జమ్మ రాసుకుంటానే ఉండాది.

అది ఒక్క లాగుకు ఊడొచ్చే ముడి సార్.
దూలానికి ఉన్నింది లాగేకొద్దీ బిగిసేది.
శనక్కాయ మూటలు లారీకెత్తి
కాలు తన్నిపెట్టి గుంజేవాళ్ళు వేసే ముడి.
మండీలో పది మందిని పిలిపించి అడగండి.

"చావబోయే మనిషి
ఏ ముడి వేస్తున్నానో చూసుకుంటాదా?"

చూసుకోదు సార్, అందుకే చెప్తాండా.
మనిషి మరిచినా చెయ్యి మరవదు.

డాక్టరు చెప్పింది వేరే.
మెడ చుట్టూ గీత అడ్డంగా ఉందంట.
ఉరైతే చెవి వెనక్కి ఎగబాకాలంట.
సంఘం అప్పు కాగితం మీద సంతకం పెట్టనన్నది
ఆ ముందురోజే.
అన్నీ కలిపి ఈ పొద్దు
నలభై నిమిషాలు ఇంగ్లీషులో చదివినారు.
ఆఖరి మాట మాత్రం తెలుగులో:
యావజ్జీవం.
కుళ్ళాయప్ప తువ్వాలతో మొగం తుడుచుకొని
పోలీసాయన్ను నీళ్ళడిగినాడు.

తిరుగు బస్సులో వాళ్ళమ్మ
నాకు రెండు సీట్ల ముందర.
తల తిప్పలేదు చాలాసేపు.
కూడేరులో మక్కజొన్న కంకులమ్మేవాళ్ళు ఎక్కి దిగినాక
వెనక్కి చూడకుండానే అన్నది:
"గోడవతలే ఉన్నావు కదే.
నువ్వొక్క తట్టు తట్టింటే
ఇద్దరూ మిగిలుండేవాళ్ళు."

కండక్టరు చిల్లర లెక్కపెట్టుకుంటాన్నాడు.

వినపడింది.
ముందు ఏదో పడిన చప్పుడు, కండెల బుట్టేమో అనుకున్నా.
తర్వాత ఒకసారి "అక్కా" అన్నట్టు.
రోజూ ఉండేదే కదా అని
దుప్పటి చెవుల మీదికి లాక్కున్నా.

పోలీసులు అడిగినప్పుడు
నిద్రపోయినానన్నా.
కోర్టులో ఆ సంగతి ఎవరూ అడగలేదు,
ముడి దగ్గరే ఆగిపోయినారు.
కాగితం కింద వేలిముద్ర వేయించుకున్నారు.
బూడిదకు అరిగిన వేలు,
గీతలు తేలలేదని
మళ్ళీ ఒకసారి అద్దించుకున్నారు.

చౌడీ వదిలిపోయిన అచ్చు
దినాలయినాక మేస్త్రీ నాకే ఇచ్చినాడు.
పదకొండు వందల పోగులు మిగిలుండె.
ఆమె చెయ్యి యాడ ఆగిందో
నా చెయ్యి యాడ మొదలైందో
మగ్గం గుంతలోకి దిగి, దీపం పెట్టి వెతికినా.
కనపడలేదు.
నిమ్మపండు రంగు చీరలయినాయి.
అమ్ముడుపోయినాయి.

బస్సు దిగి ఆమె అటు, నేనిటు.
కాదు, ఇద్దరమూ ఒకే వీధి.
పది అడుగులు ఎడంగా నడిచినాము.
తాళం తీస్తావుంటే మేస్త్రీ కొడుకు వచ్చి
పొద్దున్నే ఇంకో అచ్చు ఉందన్నాడు.
పొయ్యిలో బూడిద తీసి
పాతగుడ్డలో వస్త్రగాళం పడతాండా.