బొడ్డు కోసే చేతులు

శుక్రవారం. జలీబ్‌లో మూడో అంతస్తు.
ఏసీ నీళ్లు బకెట్లోకి ఒక్కో చుక్కా.
మస్తాన్‌బీ మెడికల్ కాగితాన్ని
నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టి
అడిగింది:
"ల్యాబులో చూస్తాంటావు గదా నువ్వు.
అది నా లోపల ఏం జేస్తాండాదో చెప్పు.
ఇంగిలీసొద్దు. అరబ్బీ అసలే వద్దు."

నేను జాబ్రియాలో
ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు చీకట్లో కూర్చునే మనిషిని.
బయట యాభై డిగ్రీలు, లోపల స్వెట్టరు.
చచ్చిన కణాల అంచులు వెతకడం నా ఉద్యోగం.

చెప్పాను.
ముందు అది నీ రాతలోకి దూరింది బీ.
నిన్ను నిన్నుగా రాసిపెట్టిన పొడుగాటి దారంలో
తన కుట్టు కలిపేసింది.
ఏది నీ పోగో ఏది దాని పోగో కణానికి తెలీదు,
రాసిందల్లా చదవడం దాని అలవాటు.
అందుకే నీ పిండితోనే
ఒకే రకం ముక్క వేలకొద్దీ చేసిపెడుతుంది.

ఒక్కో ముక్క కొసన కాస్త కొవ్వు.
నేతి వేలు గిన్నె అంచుకి అంటుకున్నట్టు
కణం గోడకి లోపలివైపు వచ్చి అంటుకుంటాయి.
ఒకటి. దాని పక్కన ఇంకొకటి.
ఆరేసి చేరితే కందిరీగ గూటిలో ఒక గది,
గదిని ఆనుకుని గది.
మేస్త్రీ లేడు, నక్షా లేదు.
గూడు పూర్తిగా అతకదు కూడా, అక్కడక్కడా బీటలు.
బీటలున్నాయి కాబట్టే వంగుతుంది.
నూనెలో పూరీ ఒక్క పక్కే పొంగినట్టు
గోడ బయటికి ఉబ్బుతుంది.

"దాంట్లో ఏముంటాది?"
ఒకే మాట రెండుసార్లు రాసుకున్న చీటీ.
ఒక కత్తెర. ఇంకా మూసే ఉంది.

ఉబ్బింది ఊడి రావాలంటే మెడ తెగాలి.
తెంపే పనిముట్టు దాని దగ్గర లేదు.

ఇక్కడ ఆగాను.
"చెప్పు" అంది.

నీ కణానికి సొంత మంత్రసానులున్నారు బీ.
ఒకటి రెండుగా విడిపోయేటప్పుడు
ఆఖరి తాడు తెంపేవాళ్లు.
అది వాళ్లకే కబురు పెడుతుంది.
వస్తారు. ఎవరి బిడ్డ అని అడగరు.
మెడ చుట్టూ చుట్టి, బిగించి, తెంపి, వెళ్లిపోతారు.
బయటపడ్డది నీ గోడ ముక్కనే
దుప్పటిగా కప్పుకుని పోతుంది.

నవ్వింది. "అయితే అదీ నా మాదిరే.
ఒకరింట్లో జొరబడి, వాళ్ల తిండి తిని,
వాళ్లు విడిచిన గుడ్డలు కట్టుకోని..."

ఆ పోలిక పెట్టుకోకు, అన్నాను.
గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.
నీకన్నా ముందే
కౌంటరు అద్దం వెనక కూర్చున్నాయన ఆ పోలిక పెట్టేశాడు,
ఎర్ర ముద్ర కొట్టేటప్పుడు.
సాల్మియాలో ఎనిమిదేళ్లు
వాళ్ల పిల్లల నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నువ్వు.
అది ఎవరి జ్వరమూ చూడదు.

ఎవరి నుంచి వచ్చిందని నేనడగలేదు.
తను చెప్పలేదు.

ఇంకోటి విను.
బయటపడగానే అది కాటెయ్యదు, పచ్చికాయ.
కత్తెర తెరుచుకుని, లోపలి గూడంతా కత్తిరించి,
ఆ ముక్కలే మళ్లీ పేర్చుకుని
బొరుగుల పొట్లంలా కోసుగా కట్టుకుంటేనే పండేది.
ఆ కత్తెర సందులో పుల్ల పెట్టే మాత్రలున్నాయి.
అసలు కుట్టే పడకుండా చేసేవీ ఉన్నాయి.
ఏది వాడాలో డాక్టరు చెప్తాడు.
కడపలో ఊరికే ఇస్తారు. రోజూ వేసుకోవాలి.
మానకూడదు బీ, పండగైనా, పెళ్లైనా.

కాగితం ఐదో మడత పడలేదు.
చాలాసేపు బకెట్టు కేసే చూసింది.

"ఆ మంత్రసానులు
ఇప్పుడు గూడా పని చేస్తానే ఉండారా?"
ఇప్పుడు కూడా.
"పాపం" అంది. "వాళ్లకేం తెలుసు."

లేచి, నిండిన బకెట్టు బాత్రూంలో వొంపొచ్చి
ఖాళీది మళ్లీ
సరిగ్గా చుక్క కింద పెట్టింది.