మొదటి కుర్చీ

గ్రిమ్స్‌బీ రేవు వెనక, చర్చి హాల్లో,
మంగళవారం ఏడింటికి మా క్లాసు.
హీటరు ఒకటే. దాని పక్క చోటు కోసం
అందరూ పది నిమిషాలు ముందే వస్తారు.
ఎంత కడుక్కున్నా చేతుల్లో చేప వాసన.
నాకది కొత్తేమీ కాదు,
ముప్ఫయ్యొక్కేళ్లు చేపల వేలంలో చీటీలు రాసినదాన్ని,
గ్రామరు కన్నా ముందు కాడ్ ధర నేర్చినదాన్ని.

మూడు కుర్చీలు వరసగా వేశాను.
మొదటిది కర్తది. నడిమిది క్రియది. చివరిది కర్మది.
"త్సెగెరెడ, నువ్వు కోస్తావు. హేమిన్, నువ్వే ఆ కోత.
జ్వియాద్, ఏమీ అనుకోకు, నువ్వు చేపవి."
నవ్వారు. కూర్చున్నారు.
హేమిన్ మాత్రం తిన్నగా చివరి కుర్చీకి పోయాడు.
వాళ్ల కుర్దు భాషలో క్రియది ఆఖరి చోటట,
ఆవిడ తిగ్రిన్యాలోనూ అంతేనట:
మాట చివరిదాకా వింటే గానీ
కోశాడో వదిలేశాడో తేలదట.
"ఇక్కడివాళ్లకి అంత ఓపిక లేదు నాయనా,
లే. మధ్యలోకి రా."

ఎ ఎక్కడ, ది ఎక్కడ అని అడిగారు.
మొదటిసారి కనబడితే ఎ,
పరిచయం అయ్యాక ది, అన్నాను.
"నాలుగేళ్లయింది టీచర్," అన్నాడు జ్వియాద్,
"ఫోర్‌మన్‌కి నేనింకా ఎ మ్యాన్‌నే."

మొదటి కుర్చీ ఖాళీగా ఉండకూడదు.
ఇంగ్లీషుకి అదొక పట్టుదల.
కిటికీ అవతల వాన.
ఇట్ ఈజ్ రెయినింగ్, అని బోర్డు మీద రాశాను.
"ఎవరా ఇట్?" అంది త్సెగెరెడ.
ఎవరూ కాదు. మబ్బు కాదు, దేవుడూ కాదు.
కుర్చీ బోసిపోకుండా కూలికి పెట్టుకున్న మనిషి.
"గంటకెంత ఇస్తారు?" అన్నాడు జ్వియాద్.

తర్వాతి వారం క్రియలు.
గో వెంట్ అవుతుంది, ఈట్ ఏట్ అవుతుంది,
కట్ మాత్రం కట్‌గానే ఉంటుంది.
నిన్నా కట్, ఇవాళా కట్, కోసేశాక కూడా కట్.
ఎవరూ రాసుకోలేదు.
నాలుగింటికే లేచి కత్తి పట్టేవాళ్లకి
అదేం కొత్త సంగతని?

ఆపై వారం త్సెగెరెడ ఒక కాగితం తెచ్చింది.
గోడ మీంచి పీకింది, మూలల్లో ఇంకా టేపు.
వేజెస్ హావ్ బీన్ కట్.
వేలితో ఒక్కో మాటా తడిమింది.
"కట్ తెలుసు. వేజెస్ తెలుసు.
మొదటి కుర్చీలో జీతం కూర్చుంది.
కత్తి పట్టుకున్న మనిషేడీ?"

కర్మణి ప్రయోగం, అన్నాను.
చేసినవాడి పేరు చెప్పనక్కర్లేని వాక్యం.
అన్నానే గానీ నాకే నోరు చేదైంది.
ఫ్యాక్టరీలో కర్తా కర్మా క్రియా అన్నీ ఆక్‌రాయిడ్ గారే.
కాగితం మీద మాత్రం వెతికినా దొరకడు,
వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.
నేనూ రాశాను అలాంటివి, వేలం ఆఫీసులో,
ముత్యాల్లాంటి అక్షరాలతో:
పడవలు నిలిపివేయబడినవి.
మనుషులు తగ్గించబడినారు.
ఆ రోజుల్లో అది మర్యాద అనుకునేదాన్ని.

హోంవర్కు: ఒక్క పూర్తి వాక్యం.
ఆమె రాసుకొచ్చింది:
మిస్టర్ ఆక్‌రాయిడ్ కట్టెడ్ అవర్ వేజెస్.
కర్త ఉన్నాడు. కర్మ ఉంది.
చివరి చుక్క కాగితం అవతలికి దిగింది.
ఎర్రకలం కట్టెడ్ దగ్గర ఆగింది.
"కట్ అనే కదా చెప్పాను?"
"చెప్పారు. కానీ అలా రాస్తే
ఇంకా కోస్తూనే ఉన్నట్టుంది టీచర్.
అయిపోయిందని ఎలా తెలుస్తుంది?"

దానికి సూత్రం నా దగ్గర లేదు.
దిద్దాను చివరికి. దిద్దక తప్పదు,
రేపా వాక్యం ఆయన బల్ల మీదికే వెళ్తోంది,
తప్పొకటి పట్టుకుని అసలు మాట దాటేసే రకం.
కింద పద్నాలుగు సంతకాలు, నాలుగు లిపుల్లో.

హాలుకి తాళం వేసి వచ్చేసరికి
బస్టాపు బయట హేమిన్ అరచెయ్యి చాపి చూస్తున్నాడు.
"ఇట్ స్టాప్డ్," అన్నాడు.
"షిఫ్టు అయిపోయింది కాబోలు,"
అన్నాడు జ్వియాద్, టోపీ తీస్తూ.