మూలంలో లేదు

గవర్నరుపేట సందులో మా ప్రెస్సు.
పై అంతస్తు రేకులది. మే నెల.
కాగితాలు ఎగరకుండా ఇనుప స్కేలు పెట్టి
రెండువేల నాలుగొందల ఏళ్ళ నాటి మాటలకి
అచ్చుతప్పులు దిద్దుతున్నాను.

అనువాదం నందిగం పేరయ్య గారిది.
తెనాలిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు.
గ్రీకు రాదని ముందుమాటలోనే ఒప్పుకున్నారు,
ఇంగ్లీషు బిందెలోంచి వంచుకున్నానని,
అడుగున ఏం మిగిలిపోయిందో తెలీదని.

చెప్పుల్లేని ముసలాయన ఒకడు అడుగుతూ ఉంటాడు.
మిగతావాళ్ళు అవునండీ అంటారు.
ఒక్క పేజీలో పదకొండు అవునండీలు లెక్కపెట్టాను.
మా ఓనరు గారితో నా సంభాషణ
అచ్చు వేస్తే ఇలాగే ఉంటుంది.

ఆ భాషలో నువ్వుకీ మీరుకీ తేడా లేదట,
ఫుట్‌నోటులో పేరయ్య గారే రాశారు.
మరి ఈ గారులూ అండీలూ ఎక్కడివి?
బ్యారేజీ మీద తెనాలి బస్సు ఆగినప్పుడు
ఎక్కేసి ఉంటాయి.

నలభై ఒకటో పేజీలో బానిస కుర్రాడొస్తాడు.
"ఒరేయ్, ఇలా రా."
ముసలాయన మట్టిలో చదరం గీసి
దీనికి రెట్టింపుది చెయ్యరా అంటాడు.
భుజం రెట్టింపు చేస్తే సరి అంటాడు వాడు.
చేస్తే నాలుగింతలైంది.
పోనీ ఒకటిన్నర.
అదీ కాదు.
"తెలీదండీ."

అక్కడ పెన్సిలు పక్కన పెట్టాను.
మిగతా అందరూ తెలుసనుకుని వచ్చినవాళ్ళే.

ఎడమ పక్క అందరి పేర్లూ లావు అక్షరాల్లో ఉన్నాయి.
వాడి మాటల ముందు మాత్రం
బానిస, అని.
బొమ్మలో ఇంకో తప్పు:
మూల నుంచి మూలకి వెళ్ళాల్సిన గీత
నెగెటివ్‌లోనే ఎగిరిపోయింది.
కిందేమో "ఈ గీత మీదే కదరా కట్టాలి!"
ఏ గీత?

నాలుగింటికి నాగుల్‌మీరా టీ తెచ్చాడు.
రైవస్ కాలవ గట్టున ఇల్లు, ఏడో తరగతితో సరి.
ఎందుకడిగానో,
"ఈ గుడ్డని సరిగ్గా సగం చెయ్యాలి,
మళ్ళీ చదరంగానే ఉండాలి. ఎలా?"
బల్ల తుడిచే గుడ్డ పరిచాడు.
నాలుగు మూలలూ నడిమధ్యకి మడిచాడు,
బజ్జీల పొట్లం కట్టినట్టు.
విప్పాడు.
రెట్టింపు. మధ్యలో టీ మరక.
"పంచదార తక్కువేశానక్కా" అంటూ
గ్లాసులు తీసుకుని మెట్లు దిగిపోయాడు.
నువ్విప్పుడు చేసింది ఇదీ అని
నేను చెప్పలేదు.
చెప్పి ఉండాల్సింది.

మార్జిన్‌లో రాశాను:
అనువాదకులకు. ఈ పిల్లవాడి పేరు పడిపోయింది,
ఇవ్వగలరు.
"ఒరేయ్" తీసి "బాబూ" అనవచ్చునా?

వారం తర్వాత ప్రూఫులు తిరిగొచ్చాయి.
ఎర్రసిరాలో, లెక్కల మాస్టారి గుండ్రటి చేతిరాత:
పేరు మూలంలో లేదు.
ఆ కింద, ఇంకో పెన్నుతో,
వేరే రోజెప్పుడో రాసినట్టు:
"ఒరేయ్" కూడా మూలంలో లేదు, అది నాదే.
ముప్ఫై నాలుగేళ్ళు క్లాసులో అలాగే పిలిచాను.
ఆలోచిస్తాను.

"ఆలోచించడానికి టైమెక్కడిది, బేబీ సరోజినీ,
ఫారం ఎక్కించెయ్" అన్నారు ఓనరు.
అలాగేనండీ అన్నాను.

పోయిన గీత మాత్రం
స్కేలు పెట్టి నేనే గీశాను.
చెయ్యి అలవాటు లేక
కొంచెం లావుగా వచ్చింది.
వెయ్యి కాపీల్లోనూ
అలాగే పడింది.